హైదరాబాదులో ఉండాలా, పల్లెకు పోవాలా, కావలిలో దిగాలా

హైదరాబాదు వదిలి సొంతూరి వైపు వచ్చెయ్యాలా అన్న నిర్ణయం సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు మాత్రం తీసుకోకండి. జనవరిలో మా నెల్లూరు సీమ ఎవరికైనా నచ్చుతుంది. చెరువుల్లో నీళ్ళుంటాయి, వరి పచ్చగా ఉంటుంది, అక్కచెల్లెళ్ళు, బావలు అందరూ ఇంట్లోనే ఉంటారు. కనుమ నాడు నాటుకోడి కూర తిని వేపచెట్టు కింద నులక మంచం మీద పడుకుంటే ఇంకెందుకు ఆ సిటీ అనిపిస్తుంది. మీకు నిజం తెలియాలంటే మే నెలలో పది రోజులు, నవంబరులో పది రోజులు వచ్చి ఉండండి. మేలో ఒంగోలు, నెల్లూరు, కావలి అన్నీ పొయ్యి మీద పెనంలా ఉంటాయి. వడగాలికి పదకొండు దాటితే వీధిలో మనిషి కనపడడు. నవంబరులో వాయుగుండం పడితే నాలుగు రోజులు ముసురు పట్టుకుంటుంది. మనకు ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాలదే కదా, అదంతా దీపావళి దాటాక మీదొచ్చి పడుతుంది. ఈ రెండు నెలలూ చూశాక కూడా మనసు ఊరి మీదే ఉంటే అప్పుడు మిగతా లెక్కలు వేసుకోవచ్చు.

మాది నెల్లూరు జిల్లా కావలికి పడమర, జలదంకి వైపు పల్లె. 2008 నుంచి 2022 దాకా హైదరాబాదులో అకౌంట్స్ పని చేశాను. ఇప్పుడు కావలిలో అద్దె ఇంట్లో ఉంటున్నాను. పల్లెకు బండి మీద అరగంట లోపే. మా ఊరి వాళ్ళు, మా ఆవిడ తరఫు వాళ్ళు ఇప్పటికి పది మందికి పైగా నన్ను అడిగారు, రావచ్చా అని. అందరూ రెండే దారులున్నట్టు అడుగుతారు: సిటీనా, పల్లెనా అని. మూడోది ఉంది, పల్లెకు దగ్గర్లో ఉన్న టౌను. నా మట్టుకు చాలామందికి సరిపోయేది అదే. ఎందుకో చెబుతాను.

2021 నవంబరు మూడో వారం. సోమశిల డ్యాము నుంచి వదిలిన నీళ్ళతో పెన్న పొంగింది. అమ్మకు రెండు రోజులుగా ఆయాసం. కావలిలో డాక్టరు చూసి, గుండె పరీక్షలు చేయాలి, నెల్లూరు తీసకపోండి అన్నాడు. నెల్లూరు ఏభై కిలోమీటర్ల పైచిలుకు, మామూలు రోజుల్లో గంట ప్రయాణం. ఆ రోజు కోవూరు దగ్గర హైవే కోసుకుపోయింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. నేను కూకట్‌పల్లిలో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. మా బాబాయి కొడుకు కారు ఉత్తరానికి తిప్పి అమ్మను ఒంగోలు తీసుకెళ్ళాడు. దేవుడి దయ, ఆమె బాగైంది. కానీ ఆ రాత్రి నాకు ఒకటి అర్థమైంది. నెలకు ఎంత పంపుతున్నాను అనేది అమ్మకు ఆ గంటలో పనికిరాలేదు. కారు స్టీరింగు మీద చెయ్యి ఎవరిది అన్నదే పనికొచ్చింది.

అందుకని నా పోలిక డబ్బుతో మొదలవదు, నిమిషాలతో మొదలవుతుంది. ఒక కాగితం మీద నాలుగు పేర్లు రాయండి: అమ్మానాన్నలుండే ఇల్లు, పెద్దాసుపత్రి, పిల్లల బడి, మీ పని. మీరు ఉండబోయే ఇంటి నుంచి ఒక్కోదానికి ఎన్ని నిమిషాలో రాయండి. సిటీలో ఉంటే ఆసుపత్రి, బడి, పని దగ్గరే, అమ్మ మాత్రం ఒక రాత్రి ప్రయాణం దూరం. పల్లెలో ఉంటే అమ్మ పక్కగదిలో ఉంటుంది, మిగతా మూడూ దూరమవుతాయి. టౌనులో ఉంటే ఏదీ గుమ్మం ముందు ఉండదు, ఏదీ గంట దాటదు. మా నాన్నను మేం నాయన అంటాం. ఆయన పోయాక అమ్మ ఒక్కతే పల్లెలో ఉంటోంది. కావలికి వచ్చెయ్యమన్నాం, రాలేదు, బర్రెను వదిలి రానంది. ఇప్పుడు ప్రతి శనివారం నేను వెళ్ళి వారానికి సరిపడా మాత్రలు గళ్ళ డబ్బాలో సర్దుతాను. ఆమెకు చదువు రాదు. పొద్దుటి గళ్ళ మీద పసుపు బొట్టు, రాత్రి గళ్ళ మీద కాటుక చుక్క తనే పెట్టుకుంది. మూడేళ్ళుగా బీపీ మాత్ర తప్పలేదు. ఫోనులో రోజూ "వేసుకున్నావా అమ్మా" అని అడిగిన పద్నాలుగేళ్ళలో అది ఎన్నిసార్లు తప్పిందో నాకు తర్వాత తెలిసింది.

ఏ టౌను?

పెన్నకు దక్షిణాన ఉన్నవాళ్ళకు నెల్లూరు తప్ప వేరే ఆలోచన అక్కర్లేదు. అక్కడ ఆసుపత్రులుండే పొగతోట వీధుల్లో లేని స్పెషలిస్టు దాదాపు లేడు. పెద్ద జబ్బంటే చెన్నై 175 కిలోమీటర్లు, పొద్దున బయల్దేరి డాక్టరుకు చూపించుకుని రాత్రికి ఇంటికి రావచ్చు. నెల్లూరు మొహం ఎప్పుడూ చెన్నై వైపే. ఒంగోలు మొహం గుంటూరు, విజయవాడ వైపు. చీమకుర్తి, టంగుటూరు, కొండపి, అద్దంకి వాళ్ళకు ఒంగోలు సహజం. అక్కడ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, అందరూ రిమ్స్ అనే అంటారు. సికింద్రాబాదు నుంచి తిరుపతి వెళ్ళే వందే భారత్ 2023 ఏప్రిల్ నుంచి నడుస్తోంది. అది ఒంగోలులో, నెల్లూరులో ఆగుతుంది, కావలిలో ఆగదు. నెలకోసారి హైదరాబాదు ఆఫీసుకు మొహం చూపించాల్సిన వాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. కావలికి సింహపురి రైలు ఉంది, రాత్రి ఎక్కితే పొద్దునకు సికింద్రాబాదు. చెన్నై, విజయవాడ పనులకు పినాకిని ఉంది.

కావలి, కందుకూరు లాంటి చిన్న టౌన్లలో అద్దె తక్కువ, పల్లె దగ్గర, కూరగాయలు తాజా. నేను కూకట్‌పల్లిలో నెలకు పద్దెనిమిది వేలు కట్టేవాడిని, ఇక్కడ ఎనిమిది వేలకు అంతకంటే పెద్ద ఇల్లు, వెనక నిమ్మచెట్టుతో సహా. కానీ రాత్రి పూట గుండెనొప్పి వస్తే ఇక్కడ ప్రథమ చికిత్స చేసి నెల్లూరుకో ఒంగోలుకో పంపిస్తారు. ఇంట్లో గుండెజబ్బు మనిషో, డయాలసిస్ మనిషో ఉంటే చిన్న టౌను వద్దు, నేరుగా నెల్లూరో ఒంగోలో చూసుకోండి.

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు సంగతి వేరు. కనిగిరి, పామూరు, మార్కాపురం వైపు వాళ్ళకు మొదటి ప్రశ్న నీళ్ళు. కనిగిరి చుట్టుపక్కల బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువని తరతరాలుగా తెలిసిందే, పళ్ళ మీద గారలు చూస్తే ఏ ఊరో చెప్పేస్తారు. వెలిగొండ సొరంగాల ద్వారా శ్రీశైలం నీళ్ళు రావాలని ఆ ప్రాంతం ఎదురుచూస్తూనే ఉంది. నడికుడి, శ్రీకాళహస్తి రైలు మార్గం కూడా కనిగిరి, పామూరు మీదుగానే వేస్తున్నారు. రేపు వచ్చేవాటి మీద ఆశ పెట్టుకోవచ్చు, ఇల్లు మాత్రం ఈ రోజు ఉన్నవాటిని చూసి కట్టాలి. పసిపిల్లలతో వెళ్ళేవాళ్ళు ఆ ఇంటి బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టి పరీక్ష చేయించకుండా కాపురం పెట్టొద్దు.

పొలం చేస్తాను అనేవాళ్ళకు

ఈ మాట అన్నవాళ్ళ దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే పొలం మీద ప్రేమతో వచ్చి దెబ్బతిన్నవాళ్ళను చూశాను.

పెన్నా డెల్టా కింద వరి చేస్తే నీళ్ళకు కొంత భరోసా. సంగం, నెల్లూరు బ్యారేజీలు రెండూ 2022 సెప్టెంబరులో మొదలయ్యాయి. కానీ ధాన్యం అమ్మేటప్పుడు మన దగ్గర లెక్క పుట్టిలో, పుట్టి అంటే 850 కిలోలు. తేమ అనీ తరుగు అనీ కల్లంలో దాని మీద ఎంత ఎక్కువ అడుగుతారో పక్క రైతును అడిగి తెలుసుకోండి. ఎడగారుకు, అంటే రెండో పంట వరికి, నీళ్ళు వదులుతారా లేదా అన్నది సోమశిలలో ఎంత ఉందన్న దాని మీద ఆధారం. రెండు పంటలూ వస్తాయని లెక్క రాసుకుని రావొద్దు, ఒకటే రాసుకోండి.

వర్జీనియా పొగాకు చేద్దామనుకుంటే దానికి పొగాకు బోర్డు రిజిస్ట్రేషను, బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) లైసెన్సు కావాలి, పండించే పరిమాణానికి హద్దుంటుంది. మన నాయన కాలం నాటి బ్యారన్ ఇంటి వెనక ఉంది కదా అని నిప్పు పెట్టేయడం కుదరదు. దాని లైసెన్సు ఎవరి పేరున ఉందో, ఇప్పుడు ఎవరు వాడుకుంటున్నారో ముందు చూడండి. నిమ్మ తోట ఒక వేసవిలో ఇల్లు కట్టిస్తుంది, ఇంకో ఏడాది కోత కూలి కూడా రాదు. పొదలకూరు, గూడూరు మార్కెట్లకు వెళ్ళి నాలుగు పొద్దులు నిలబడి ధర చూశాక మొక్క కొనండి.

రొయ్యల గుంటల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. అల్లూరు, విడవలూరు వైపు గుంటలు చూసి మూడు, నాలుగు నెలల్లో పంట చేతికొస్తుందని సిటీలో దాచుకున్న డబ్బంతా పెట్టేవాళ్ళున్నారు. 1990ల్లో టైగరు రొయ్య వైట్ స్పాట్ వైరస్‌తో ఈ తీరమంతా ఎట్లా తుడిచిపెట్టుకుపోయిందో పెద్దవాళ్ళను అడగండి. ఇప్పుడున్న వెనామీ రొయ్యకు కూడా రోగాలున్నాయి, పైగా ధర మన చేతిలో లేదు. 2025లో అమెరికా సుంకాలు పెంచితే ఇక్కడ గుంట గట్టు మీద రొయ్యల రేటు పడిపోయింది. మా చిన్నాన్న కొడుకు ఇద్దరితో కలిసి వాటా పెట్టాడు. మూడో పంటలో ఒక రాత్రి కరెంటు పోయింది, జనరేటరు తిరగలేదు, నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్లు ఆగాయి. తెల్లారేసరికి రొయ్యలు గుంట అంచుకు తేలి ఉన్నాయి. వాటిని గంపలకెత్తుతుంటే వాడు ఒక్క మాట మాట్లాడలేదు. వాడి సిటీ ఉద్యోగం అప్పటికే పోయింది. గుంటలు చేయాలంటే మొదటి ఏడాది జీతానికైనా సరే, ఎవరి గుంట మీదైనా కాపలా పడుకుని నేర్చుకోండి. మీ డబ్బు రెండో ఏడాది పెట్టండి.

కాగితాలు కూడా ఇక్కడే చెప్పేస్తాను. బయల్దేరక ముందే ప్రభుత్వ భూ రికార్డుల సైటు మీభూమిలో మీ 1బీ (హక్కుల రికార్డు), అడంగల్ (సాగు రికార్డు) తీసి చూడండి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే జరిగిన ఊళ్ళలో పాత సర్వే నంబర్లు పోయి కొత్త ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబర్లు వచ్చాయి. విస్తీర్ణంలో, పేర్లలో తేడాలు పడ్డవి ఉన్నాయి. మా రెండెకరాల్లో పదకొండు సెంట్లు తగ్గింది, నాయన ఇంటిపేరు తప్పు పడింది. సరిచేయించడానికి ఒక ఆఫీసు చుట్టూ ఏడు నెలలు తిరిగాను. అవన్నీ నేను కావలిలో ఉండబట్టి తిరగగలిగాను, హైదరాబాదు నుంచి అయితే అయ్యేది కాదు. మీ భూమి 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల్లో లేదని, ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) అప్పు లేదని చూసుకోండి. అక్కచెల్లెళ్ళతో కూర్చుని మాట్లాడండి. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు మన రాష్ట్రంలో 1986 సవరణతోనే ఉంది, 2005లో దేశమంతటికీ వచ్చింది. పంపకాలు కాకుండా ఉమ్మడి స్థలంలో ఇల్లు లేపితే ఆ ఇంటి గృహప్రవేశానికి అక్క రాదు. ఆ బాధ డబ్బుతో తీరదు. ఇక టౌనులో స్థలం కొనేవాళ్ళకు: నెల్లూరులో ధర అంకణాల్లో చెబుతారు. గజాలకు అలవాటుపడ్డవాళ్ళు అంకణం అంటే ఎన్ని అడుగులో అడిగి, చదరపు అడుగుల్లోకి మార్చుకున్నాకే బేరం ఆడండి.

ఎవరి సొంతూరు?

మా ఇంట్లో నేను "మన ఊరు పోదాం" అన్నప్పుడల్లా మా ఆవిడ మాట్లాడేది కాదు. ఒకరోజు బట్టలు మడతపెడుతూ చెప్పింది, "నువ్వు మన ఊరంటావు. నాకది అత్తగారి ఊరు." ఆమెది టంగుటూరు. పెళ్ళైన పన్నెండేళ్ళకు నాకు ఆ తేడా తెలిసింది. హైదరాబాదులో ఆమె టీచరు, తన జీతం తనది, తన స్నేహితులు తనకున్నారు. పల్లెకు వస్తే ఫలానా వాళ్ళ కోడలు. పొద్దున ఎన్నింటికి లేచిందో వీధికి తెలుస్తుంది. నేను ఊరికి తిరిగి వెళ్తుంటే, ఆమె కొత్త ఊరికి వెళ్తోంది. ఆమె పెట్టిన షరతు ఒకటే: పల్లెకు రాను, కావలైతే వస్తాను, అక్కడ ఉద్యోగం దొరికాకే సామాను కడదాం. అట్లాగే చేశాం. కావలి చదువుల ఊరు, నాలుగు నెలలు వెతికితే బడిలో ఉద్యోగం దొరికింది. జీతం సగం. అది ఆమె వదులుకున్నది, నేను మరచిపోకూడనిది. మీ ఇంట్లో ఈ సంభాషణ జరగకపోతే మిగతావి చదవడం ఆపి ముందు అది కానివ్వండి.

పిల్లల విషయంలో ఒక్క లెక్క చాలా మంది చూసుకోవడం లేదు, స్థానికత. ఆంధ్రలో ఇంజనీరింగు, మెడిసిన్ సీట్లలో 85 శాతం స్థానికులకు. స్థానికుడని తేలేది ప్రధానంగా ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్ళు ఎక్కడ చదివాడన్న దాని మీద, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. రాష్ట్ర విభజన నాటి పదేళ్ళ ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్‌తో ముగిసింది. కాబట్టి పిల్లవాడు పదో తరగతిలో ఉండగా హైదరాబాదు నుంచి మారిస్తే రెండు వైపులా చిక్కు. మారిస్తే తొమ్మిదికి ముందే మార్చండి, లేదా ఇంటర్ అయ్యేదాకా ఆగండి. ఇంకో సంగతి, మన రెండు జిల్లాలూ ఈ లెక్కలో ఒకటి కావు. ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ పరిధి, నెల్లూరు శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ పరిధి. సరిహద్దు ఊళ్ళవాళ్ళు, పిల్లవాడిని చదివించేది ఒంగోలులోనా నెల్లూరులోనా అన్నది ఇది కూడా చూసి తేల్చుకోండి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది ప్రవేశాల ప్రకటన ఒకసారి చదవండి. మా వాడు ఆరులో ఉండగా వచ్చాం. మొదటి ఏడాది స్నేహితులు లేక ఏడ్చాడు. రెండో ఏడాది తుమ్మలపెంట సముద్రానికి సైకిలు వేసుకుని పోతానన్నాడు.

డబ్బు సంగతి క్లుప్తంగా. అద్దె, ఫీజు తగ్గుతాయి. ఈఎంఐ, పెట్రోలు, ఫోను బిల్లు తగ్గవు. చదివింపులు పెరుగుతాయి, ఇది ముందు ఎవరూ చెప్పరు. సిటీలో ఉన్నప్పుడు పది పెళ్ళిళ్ళకు ఒకటి పోయేవాళ్ళం, ఇక్కడ పెళ్ళి, సమర్త, గృహప్రవేశం, పెద్దకర్మ అన్నిటికీ మనిషి పోవాలి, చెయ్యి ఖాళీగా పోకూడదు. నెలకింత అని దానికి వేరే తీసి పెట్టుకోండి. ఉద్యోగం వదిలితే కంపెనీ ఆరోగ్య బీమా ఆ నెలతో ఆగిపోతుంది. సొంత పాలసీ రాజీనామాకు చాలా ముందే తీసుకోండి, ఎందుకంటే ఉన్న జబ్బులకు మూడేళ్ళ దాకా ఆగమనొచ్చు. పీఎఫ్ మొత్తం తీసేసి పొలం కొనాలనిపిస్తుంది. మీ సర్వీసు పదేళ్ళకు దగ్గర్లో ఉంటే ఆ పదేళ్ళు నింపుకోండి, ఏభై ఎనిమిది దాటాక పింఛను వచ్చేది దానితోనే. ఇంటి నుంచి పని చేసేవాళ్ళు నెట్ కనెక్షన్లు రెండు పెట్టుకోండి, వేర్వేరు కంపెనీలవి. రౌటరుకు కూడా ఇన్వర్టరు లైను ఇవ్వండి.

ఎవరు రావద్దో కూడా చెప్పాలి. సిటీలో అప్పుల వాళ్ళు తరుముతున్నారనో, మేనేజరుతో పడటం లేదనో వచ్చేవాళ్ళు ముందు ఆ సంగతి అక్కడే తేల్చుకోండి. అమ్మానాన్నలు లేరు, అన్నదమ్ములు వేరే ఊళ్ళలో ఉన్నారు, భార్యాభర్తలిద్దరికీ అక్కడ మంచి పని ఉంది అంటే మీకు సిటీయే సొంతూరు. అందులో తప్పేం లేదు, ఏడాదికి రెండుసార్లు రండి, తిరునాళ్ళకో రొట్టెల పండుగకో. అట్లాగే మా స్నేహితుడొకడు వచ్చీ రాగానే పల్లెలో ఉన్నదంతా పెట్టి రెండంతస్తుల ఇల్లు కట్టాడు. పద్దెనిమిది నెలలకు పిల్లల చదువని మళ్ళీ హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఆ ఇంటికి ఇప్పుడు తాళం, అద్దెకు తీసుకునే మనిషి ఆ ఊళ్ళో లేడు.

కాబట్టి మొదట పదకొండు నెలల అగ్రిమెంటుతో టౌనులో అద్దెకు దిగండి. వీలైతే హైదరాబాదు ఉద్యోగం వదలకుండా ఇంటి నుంచి చేసుకునే అనుమతి అడగండి, లేకపోతే మూడు నెలల సెలవు. బళ్ళు తెరిచేది జూన్‌లో కాబట్టి మే ఇరవైకి దిగితే నవంబరు ముసురు, సంక్రాంతి, మే ఎండ మూడూ ఆ అగ్రిమెంటులోనే వచ్చేస్తాయి. పెద్ద మంచాలు, బీరువాలు హైదరాబాదులో ఎవరింట్లోనైనా ఉంచండి. మేం ఒక చిన్న వ్యానులో బట్టలు, వంటసామాను, పిల్లవాడి పుస్తకాలు, మా ఆవిడ కుట్టుమిషను మాత్రమే తెచ్చాం. మంచాలు తెప్పించింది పన్నెండో నెలలో, ఆమె తెప్పించమన్నాక.